బండి మెడకు కట్టిన కాప్పు

మొన్నీమధ్య విరుదునగర్‌లో కంట్లో పొర తీయించుకోవడానికి వెళ్ళాను. ఆపరేషన్ గది బయట బల్ల మీద నాలాంటి ముసలివాళ్ళను వరసగా కూర్చోబెట్టారు. అందరికీ ఒకే రంగు పచ్చ గౌను, నెత్తికి ఒకే రకం టోపీ, ఏ కన్నో మరిచిపోకుండా ఆ కంటి పైన నుదుటి మీద ఒక తెల్ల ప్లాస్టర్ ముక్క. పొద్దున బస్సులో మీసం దువ్వుకుంటూ వచ్చిన పెద్దమనుషులంతా ఆ గౌనులో దొంగతనానికి దొరికిపోయినట్టు తల వంచుకుని కూర్చున్నారు. నర్సమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఉంగరాలు, మొలతాళ్ళు, కట్టుడు పళ్ళు తీయిస్తోంది. నా దగ్గరికి వచ్చి ఎడమ మణికట్టు చూసింది. ఒకప్పుడు నల్లగా ఉండి ఇప్పుడు బూడిద రంగుకు తిరిగిన తాడు, దానికి ఒక పక్క అరిగిపోయిన చిన్న రాగి తాయెత్తు. "తాత్తా, ఇంద కయిత్తెక్ కళట్టిడుంగ" అంది, ఈ తాడు తీసెయ్యండి తాతా అని. నేను విప్పకూడదమ్మా అన్నాను. అయితే నేనే కత్తిరిస్తానని ట్రేలో నుంచి కత్తెర తీసింది. నేను బడిపిల్లవాడిలా చెయ్యి వెనక్కి దాచుకున్నాను. ఆమెకు నవ్వొచ్చింది గానీ పని తొందర. ఒక్క నిమిషం ఆగమ్మా, ముందు పక్కాయన్ని చూడు అని బతిమాలాను. ఆమె పక్కాయన పళ్ళ వైపు తిరిగింది.

మా ఊరు కోవిల్‌పట్టికీ సాత్తూరుకూ మధ్య, పెద్ద రోడ్డు దిగి లోపలికి పోవాలి. నల్లరేగడి. వాన పడితే ఆ మట్టి మనిషిని వదలదు, చెప్పుల్ని అసలే వదలదు. పత్తి, మినుము, మొక్కజొన్న, ఏది వేసినా ఆకాశం వైపు చూస్తూ వెయ్యాలి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. వయసులో ఉన్నప్పుడు విరుదునగర్‌లో ఒక మిరపకాయల వ్యాపారి దగ్గర పని చేశాను. సరుకు కొనడానికి ఏడాదిలో కొన్ని నెలలు నన్ను గుంటూరు పంపేవాడు. అక్కడ బస్సుల మీద బోర్డులు చదివీ చదివీ అక్షరాలు పట్టుబడ్డాయి. నేను నోరు విప్పితే మాత్రం యార్డులో హమాలీలు పని ఆపి వినేవాళ్ళు. "మీ తెలుగు మా ముత్తవ్వ మాట్లాడినట్టుందయ్యా" అనేవాడు ఒకాయన, పాపం, మెచ్చుకోవడానికే. ఇది రాస్తుంటే ఆయనే గుర్తొస్తున్నాడు. రాత మీ అందరిలాగే రాస్తాను గానీ మా ఆవిడ మాటలు వచ్చిన చోట వాటిని దిద్దడం నా వల్ల కాదు.

మా ఆవిడ మా మేనత్త కూతురు. పరికిణీ కట్టే రోజుల నుంచీ నన్ను మామా అనే పిలిచేది, పెళ్ళయ్యాక కొత్తగా పిలుపు వెతుక్కోవలసిన పని పడలేదు. మాట తక్కువ, చూపు ఎక్కువ మనిషి. కోడి గుడ్డు పెట్టే చోటు మార్చినా, నేను కోవిల్‌పట్టి సంతలో ఎవరితోనో గొడవపడి వచ్చినా ముందు ఆమెకే తెలిసేది. తెలిసినా పైకి అనేది కాదు. అలాంటి మనిషి తన కాళ్ళు వాచిన సంగతి కూడా పైకి అనలేదు. చెప్పులు ఎక్కడం లేదని కొత్తవి కొన్నాను. అవీ ఎక్కకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూత్రపిండాలు రెండూ పని మానేశాయన్నారు. రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించాలి, తప్పకూడదు అన్నారు. కోవిల్‌పట్టిలో అప్పటికి ఖాళీ దొరకలేదు. విరుదునగర్‌లో ఒక ఆస్పత్రిలో పొద్దుటి వేళ ఒక మంచం దొరికింది.

పొద్దుటి వేళ అంటే మొదటి బస్సు అందుకోవాలి. అది తప్పితే మేము వెళ్ళేసరికి ఆ మంచం కాచుకుని ఉన్న ఇంకొకరికి పోతుంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, కాచుకున్నవాళ్ళ కాళ్ళూ వాచే ఉంటాయి. ఒక తడవ తప్పితే ఒంట్లో నీరు చేరేది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేది. దాహం వేస్తే చిన్న గిన్నెలో కొలిచి పోసిన నీళ్ళను నాలుక తడుపుకున్నట్టు తాగేది, అందులో సగం మిగిల్చి మూత పెట్టేది. వరసగా రెండు తడవలు తప్పితే ఏమవుతుందో డాక్టరు మా ఇద్దరికీ కలిపి చెప్పలేదు, నన్ను ఒక్కణ్ణే పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట నేను ఆమెకు చెప్పలేదు. నా మొహం చూసి ఆమె కనిపెట్టే ఉంటుంది.

మా ఇంటి నుంచి పెద్ద రోడ్డు మీది బస్సు స్టాపు దాకా ఆమెను తీసుకుపోవడానికి ఉన్నది ఒక్కటే, నా పాత బండి. కిక్ కొట్టి స్టార్ట్ చేసే నూరు సీసీ బండి. విత్తనాల మూటలు మోసింది, ఎరువులు మోసింది, ఒకసారి మేకపోతును కూడా మోసింది. ఆ పోతు దారి పొడుగునా నా చొక్కా కాలరు నమిలింది తప్ప బండికి ఏ ఇబ్బందీ రాలేదు. అలాంటి బండి, సరిగ్గా ఆస్పత్రి తిరుగుడు మొదలైన కొన్నాళ్ళకు, ఉన్నట్టుండి స్టార్ట్ కానని మొండికేసింది. రోజూ అలాగే ఉంటే అదొక దారి. ఒక పొద్దు ఒక్క కిక్‌కి లేచేది, ఇంకో పొద్దు చెమటలు పట్టించేది. లైటు వెలిగేది, హారను మోగేది, ఇంజను మాత్రం ఉలకదు పలకదు. పెట్రోలు ఉంది. గాలి ఉంది. కొట్టగా కొట్టగా, సందులోంచి వీధిలోకి, వీధిలోంచి గుంతల దారిలోకి తోయగా తోయగా, దానికే దయ కలిగినట్టు ఎక్కడో అంటుకునేది. వెనక మా ఆవిడ ఒక చేత్తో గోడలు పట్టుకుంటూ, ఇంకో చేత్తో ఆస్పత్రి సంచి పట్టుకుని నడిచి వచ్చేది. ఆ సంచిలో దుప్పటి, ఇడ్లీ డబ్బా, చేతికి అంటించే ప్లాస్టర్ చుట్ట ఉండేవి. ఆ బండి లేస్తేనే ఆమెకు ఊపిరి ఆడుతుంది. నాకు అంతకన్నా ఇంకేమీ కనిపించేది కాదు.

కాప్పు సంగతి ఇక్కడే చెప్పాలి. రక్ష కోసం కట్టే తాడును మా వైపు కాప్పు అంటారు. రోగం సంగతి తెలిసిన వారం మా ఆవిడ మా ఇంటి దేవర జక్కమ్మ గుడికి వెళ్ళింది. తన కోసం మొక్కుకుంటుందని అనుకున్నాను. అక్కడ ఉడుక్కు వాయించి సోది చెప్పే పూజారిని మేము కోడంగి అంటాము. ఆయన దగ్గర తాయెత్తు వేసిన నల్ల తాడు ఒకటి తెచ్చి, హెడ్‌లైటు వెనక, బండి మెడకు బిగించి కట్టింది. "చీకటితో పోతావు, లారీలు వస్తాయి. నీకు ఏమన్నా అయితే నన్ను ఎవురు పిలచుకోని పోతారు?" అంది, ఏదో తన లాభం చూసుకుంటున్నట్టు.  శుక్రవారం శుక్రవారం ఆ ముడి మీద పసుపు నీళ్ళు చల్లి కుంకుమ పెట్టేది. కాప్పుకు మాలో ఒక పద్ధతి ఉంది. కట్టిన చెయ్యే దాన్ని విప్పాలి. వేరే చెయ్యి విప్పినా, కోసినా, రక్ష కాస్తా తిరగబడుతుందని పెద్దవాళ్ళు చెబుతారు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు కూడా తాకి చూడరు.

బండి మొండికేస్తోందని తెలియగానే ఊళ్ళో ప్రతివాడూ ఇంజనీరే అయ్యాడు. ఒకాయన పెట్రోల్లో నీళ్ళు కలిశాయన్నాడు. ఒకాయన బండిని పక్కకు పడుకోబెట్టి లేపమన్నాడు, పడుకోబెట్టాము, పెట్రోలు కారి పోయింది. మా చిన్నాయన కిక్ కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాలన్నాడు. ఆయన జన్మలో బండి తోలలేదు, కానీ ఆయన చెప్పిన పొద్దే బండి లేచింది. దాంతో చాలా రోజులు ఊళ్ళో ఆయన మాటకు విలువ పెరిగింది. నాకూ సిగ్గు పోయింది. ఎవరు ఏం చెబితే అది చేశాను. మునుపైతే వీళ్ళందరి మీదా నాలుగు జోకులు వేసి నవ్వుకునే వాణ్ణి. ఆ రోజుల్లో కిక్ రాడ్ మీద కాలు పెట్టి తల తిప్పితే పక్కన గోడకు ఆనుకుని ఆమె నన్నే చూస్తూ ఉండేది.

కోవిల్‌పట్టిలో నాకు తెలిసిన మెకానిక్ మన తెలుగువాడే, వరసకు తమ్ముడు. బండిని చిన్న లోడు ఆటోలో ఎక్కించి ఆయన షెడ్డుకు తీసుకుపోయాను. దించి, స్టాండు వేసి, కిక్ కొట్టాడు. ఒక్క కిక్. ఇంజను పాట పాడింది. "అన్నా, బండి బాగ తా ఉండాది. నీ కాలు తా సరిలేదు" అని నవ్వాడు, బండి బాగానే ఉంది, నీ కాలే సరిగా లేదని. నేను నవ్వలేదు. నా మొహం చూసి నవ్వు ఆపి, ప్లగ్గు మార్చాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు. మళ్ళీ తీసుకెళ్ళాను. కాయిల్ మార్చాడు. మళ్ళీ తీసుకెళ్ళాను. తాళం స్విచ్చి మార్చాడు. షెడ్డులో ప్రతిసారీ ఒక్క కిక్‌కి లేచింది, ఇంటికి తెచ్చి సందులో పెడితే మూడో పొద్దుకో నాలుగో పొద్దుకో చచ్చింది. నేను చెప్పేది అబద్ధమేమోనన్న అనుమానం ఆయన కళ్ళల్లో ఒకసారి కనిపించింది. నిజం చెప్పాలంటే అప్పటికి నాకే నా మీద అనుమానం వచ్చింది.

విరుదునగర్‌లో ఆస్పత్రి వీధిలో ఒక సాయిబు మెకానిక్ ఉండేవాడు, అందరూ బాయి అని పిలిచేవాళ్ళు. చాలా నెమ్మదస్తుడు. మా ఆవిడ మిషను మీద ఉన్న వేళంతా నేను ఆయన షెడ్డు ముందు కూర్చునే వాణ్ణి కాబట్టి కథంతా ఆయనకు తెలుసు. ఒక రోజు నన్ను బండి మీదే రమ్మన్నాడు. తీగలు వరసగా చూస్తానన్నాడు. టాంకు విప్పి, వెనక నుంచి ఒక్కొక్క తీగనూ వేళ్ళతో తడుముతూ ముందుకు వచ్చాడు. మెడ దగ్గరికి వచ్చేసరికి కాప్పు కనిపించింది. లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాడు. అయినా దాన్ని ముట్టుకోలేదు. "సామి కయిరు. నా తొడమాట్టేన్" అన్నాడు, దేవుడి తాడు, నేను తాకను అని. కాప్పుకు ఇవతలి దాకా చూశాడు, మళ్ళీ కాప్పుకు అవతలి నుంచి చూశాడు, అంతా బాగుందన్నాడు. కోవిల్‌పట్టి తమ్ముడు కూడా చేసింది అదే. పని మొదలుపెట్టే ముందు దానికి దణ్ణం పెట్టుకుని, దాని జోలికి పోకుండా మిగతా బండంతా విప్పాడు. వాళ్ళ మర్యాదకు నేను లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఇక వేరే దారులూ చూశాను. టపాసుల యూనిట్లకు కూలీలను తీసుకెళ్ళే వాను మా ఊరికి పొద్దున్నే వస్తుంది, కానీ అది వెంబకోట్టై వైపు పోయేది, మాకు ఎదురు దిక్కు. పాలబండి అతను రెండు సార్లు దించాడు, క్యాన్ల మధ్య నిలబడి ఆమెకు కళ్ళు తిరిగాయి. ఆటో కోవిల్‌పట్టి నుంచి రావాలి, అంత పొద్దున ఎవరూ రామన్నారు. ఊళ్ళో కారున్న ఒక్క ఇల్లూ కోయంబత్తూరుకు మారిపోయింది. కొత్త బండి కొనే తాహతు ఆ ఏడు లేదు. పొద్దుట నాలుగింటికి లేచి, ఆమె కంటే ముందు బండి ముందు నిలబడి, మనిషితో మాట్లాడినట్టు మాట్లాడే వాణ్ణి. ఇవ్వాళ ఒక్క రోజు లేవరా అయ్యా, రేపు నీ ఇష్టం అనే వాణ్ణి. రోజు విడిచి రోజు ఇవ్వాళ ఒక్క రోజే అంటున్నానని దానికి తెలిసిపోయి ఉంటుంది.

ఆ పొద్దు వచ్చింది. అంతకు ముందు తడవ బండి లేవక మా వేళ తప్పిపోయింది. ఆమె మొహం ఉబ్బి, కనురెప్పలు సగమే తెరుచుకుంటున్నాయి. రాత్రంతా గోడకు ఆనుకునే కూర్చుంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట చెవిలో గుయ్యిమంటోంది. సందులో కిక్ కొట్టాను. బండి లేచింది. నేను ఏడ్చినంత పని చేశాను. ఆమెను ఎక్కించుకుని, గుంతలు తప్పించుకుంటూ, బస్సుకు ఇంకా వేళ ఉందని లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ పోయాను. మా మట్టి దారి తారు రోడ్డు ఎక్కే చోట బాగా ఎడమకు మలగాలి. హ్యాండిల్ తిప్పాను. ఇంజను టప్పున ఆగిపోయింది.

అక్కడ ఒక చిన్న కల్వర్టు ఉంది, దాని గట్టు మీద ఆమెను కూర్చోబెట్టాను. కిక్ కొట్టాను. కొట్టాను. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. దూరంగా మా బస్సు లైట్లు కనిపించాయి. చెయ్యి ఊపాను, కేక పెట్టాను. స్టాపు ఇంకా అంత దూరంలో ఉంది, డ్రైవరుకు నేను కనపడే దారి లేదు. బస్సు స్టాపులో ఆగింది, కదిలింది, పోయింది.  చెప్పు తీసి బండిని కొట్టాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, తమిళంలో తిట్టాను, తెలుగులో తిట్టాను, గుంటూరులో నేర్చుకున్నవి కూడా వదల్లేదు. తర్వాత ఆ మట్టిలోనే కూలబడ్డాను. ఆమె ముందు అన్నేళ్ళలో నేను అలా ఏడవలేదు.

"మామా" అంది. కొంచెం ఆగి ఊపిరి తీసుకుంది. "బండిని ఏంటికి కొట్టేది? అది ఏం చేస్తాది, పావం. లెయ్యి. నేను చెప్పేది ఒక తడవ విను."

నేను లేవలేదు. వినడానికి ఏముందని అన్నాను.

"ఇది నిలిచిపొయ్యేదంతా ఎడం పక్క తిరిగినప్పుడు తా. నేను ఎనక కూకోని చూస్తానే ఉండాను. ఇంట్లో సందులో యాట్ల పెడతావు? ఎడం పక్కకి మడిచి, బూటు వేసి తా పెడతావు. మెకానిక్ కాడ నేరుగా నిలిపి పెడతారు. అందుకు తా ఆడ లేస్తాది, ఈడ లేవదు." అంత మాట్లాడేసరికి ఆమెకు ఆయాసం వచ్చి, గట్టు మీద చెయ్యి ఆనించి వంగిపోయింది.

బూటు అంటే మా వైపు తాళం. మా సందు ఇరుకు, హ్యాండిల్ ఎడమకు మడవకపోతే తలుపు పడదు. పెళ్ళయినప్పటి నుంచీ ఏ బండి వచ్చినా అక్కడ అలాగే పెడుతున్నాను. నేను లేచి హ్యాండిల్ నేరుగా తిప్పి, అటూ ఇటూ గట్టిగా ఊపి, కిక్ కొట్టాను. లేచింది. కుడికి తిప్పాను, బాగానే ఉంది. మెల్లగా ఎడమకు తిప్పాను. టప్పున ఆగింది. మళ్ళీ నేరుగా పెట్టి ఊపి కొట్టాను, లేచింది. ఎడమకు తిప్పాను, చచ్చింది. ఇన్నాళ్ళూ ఒక పొద్దు ఉండి ఒక పొద్దు లేని రోగం, ముదిరి ముదిరి ఆ పొద్దుకు చేతికి చిక్కింది. హ్యాండిల్ ఎడమకు తిరిగితే మెడ దగ్గర ఏం కదులుతోందో చూద్దామని వంగాను. తీగల కట్ట కదులుతోంది. దాని చుట్టూ బిగుసుకుని కాప్పు కదులుతోంది. తాయెత్తు తీగల్లోకి దిగబడి ఉంది.

నేను ఆమె వైపు చూశాను. ఆమె అప్పటికే అదే చూస్తోంది. నా చెయ్యి దానంతటదే ముడి మీదికి పోయింది.

"నువ్వు తాకొద్దు మామా. కట్టిన చెయ్యి తా విప్పాలి."

ఆ స్థితిలో కూడా ఆమె ఆ మాట అంది. వేరే మనిషి అయితే తెంపేసి పోదాం పద అనేది. గట్టు మీద నుంచి లేపి, నడుము పట్టుకుని బండి దగ్గరికి తీసుకొచ్చాను. వేళ్ళు వాచి ఉన్నాయి, ముడి పసుపు నీళ్ళకు తడిసీ ఎండీ గట్టిపడి ఉంది. గోటితో లాగింది, రాలేదు. నేను పక్కనే నిలబడ్డాను, చిన్న కత్తి జేబులో ఉండి కూడా. వంగి పళ్ళతో పట్టి లాగింది. ఒక పక్క వేళ దాటిపోతోంది, ఇంకో పక్క ఆమె ఊపిరి బుసబుసమంటోంది. చివరికి ముడి వదులైంది. తాడు చేతిలోకి వచ్చింది. దాని కింద ఒక తీగకు పైతొడుగు అరిగి లోపలి రాగి బయటపడి మెరుస్తోంది. తాయెత్తు కూడా ఆ పక్క అరిగి అలాగే మెరుస్తోంది. తర్వాత బాయి చెప్పాడు, అది ఇంజన్‌ని ఆపే తీగట. తాళం తిప్పి ఆపినప్పుడు అది బండి ఇనుముకు కలుస్తుంది. ఎడమకు తిరిగినప్పుడల్లా తాయెత్తు మధ్యలో నిలిచి, తాళంతో పని లేకుండా, ఆ పని చేసిపెడుతోంది.

ఆమె తాడు కేసి చూసి నవ్వబోయింది, దగ్గు వచ్చింది. "నిన్ను కాయమని కట్టినాను. బండిని కదలనీకుండ కాసినాది" అంది. నాకు ఆ నవ్వు తట్టుకోవడం కష్టమైంది. ఆస్పత్రి సంచిలో నుంచి ఆమె చేతికి అంటించే ప్లాస్టర్ చుట్ట తీశాను. పంటితో చింపి, బయటపడ్డ రాగి కనపడకుండా ఆ తీగకు చుట్టాను. ఈలోపు ఆమె నా ఎడమ చెయ్యి లాక్కుంది. "బండికి ఏంటికి ఇంక? నీకు తా" అని, ఆ తాడును నా మణికట్టుకు కట్టి, మూడు ముళ్ళు వేసి, మళ్ళీ పంటితో బిగించింది.

కిక్ కొట్టాను. లేచింది. ఎడమకు తిప్పాను. ఇంజను ఆగలేదు.

బస్సు పోయింది కాబట్టి ఇక ఆగడం అన్నది లేదు. కొంగు తీసి నా నడుముకు చుట్టి ముడి వెయ్యమన్నాను, ఎక్కడ తూలి పడుతుందోనని. నాలుగు వరసల రోడ్డు ఎక్కి విరుదునగర్ దాకా ఆ పాత బండి మీదే పోయాము. సాత్తూరు దాటే దాకా లారీలు పక్క నుంచి పోతుంటే బండి ఊగిపోయేది. ఆమె తల నా వీపు మీద ఆనించి ఉంది. నిద్రపోవద్దే, ఏదో ఒకటి చెబుతూ ఉండు అని అరుస్తూనే ఉన్నాను. కొంత దూరం దాకా ఊఁ అనేది. తర్వాత ఊఁ అనడం మానేసి, చేత్తో నా కడుపు మీద తట్టేది. ఆ తట్టు ఆగిన చోటల్లా బండి నెమ్మది చేసే వాణ్ణి, మళ్ళీ తట్టేది, మళ్ళీ గేరు మార్చే వాణ్ణి. ఆస్పత్రి గేటు ముందు బండిని స్టాండు కూడా వెయ్యకుండా వదిలేస్తే అది పక్కకు పడిపోయింది. ఆమె మంచం మీద దుప్పటి మార్చి ఇంకొకరిని పిలవబోతున్నారు. ఆ పిలుపు కోసం కాచుకున్న ముసలాయన మమ్మల్ని చూసి, లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. ఆయన పేరు నేను అడగలేదు. రోజూ దేవుడికి పెట్టే దణ్ణంలో ఇప్పటికీ ఒకటి ఆయనకు పెడతాను.

ఆ తర్వాత ఆ బండి ఒక్క పొద్దు కూడా మొండికెయ్యలేదు. ఊళ్ళో మా చిన్నాయన ఊపిరి బిగబట్టిన ఫలితమేనని చెప్పుకున్నాడు, నేను కాదనలేదు. ఆ తీగ మార్చేస్తానని బాయి అన్నాడు, వద్దన్నాను. మా ఆవిడ ఇంకో రెండు పత్తి పంటలు చూసింది. మూడోది పువ్వులో ఉండగా పోయింది. బస్సు తప్పి కాదు, బండి ఆగి కాదు. అన్నీ వేళకు జరిగిన రోజే, వేళకు చేరిన మంచం మీదే, నేను బయట టీ తాగి వచ్చేలోగా పోయింది. చెప్పు తీసి కొట్టడానికి నాకు ఒక్క వస్తువు కూడా మిగల్లేదు. ఇప్పుడూ రోజూ పొద్దున నాలుగింటికి మెలకువ వస్తుంది. సందులోకి వెళ్ళి కిక్ కొడతాను, ఒక్క కిక్‌కే లేస్తుంది. కాసేపు అలా మోగనిచ్చి ఆపేస్తాను. పోవలసిన చోటు లేదు.

నర్సమ్మ పక్కాయన పళ్ళు డబ్బాలో వేసి నా వైపు తిరిగింది. చేతిలో కత్తెర అలాగే ఉంది. కట్టిన చెయ్యే విప్పాలమ్మా, మా పద్ధతి అని తమిళంలో చెప్పాను. కట్టిందెవరో వాళ్ళనే పిలవండి తాతా, తొందరగా విప్పించుకుని వచ్చెయ్యండి అంది, మామూలుగానే. నేను తాడు కేసి చూసుకున్నాను. ఆమె నా మొహం చూసింది, తాడు చూసింది. కత్తెర ట్రేలో పెట్టేసింది. "సరి, ఇరుక్కట్టుం" అని, ఉండనీ లెమ్మని, గాజుగుడ్డ ముక్క వేసి, దాని మీద తెల్ల ప్లాస్టర్ చుట్టింది, తాడూ తాయెత్తూ కనపడకుండా, నాలుగు చుట్లు.

ఇంటికి వచ్చి, ఒక కంటికి గంత కట్టుకునే, టార్చి వేసి బండి మెడ దగ్గర చూశాను. మా ఆవిడ సంచిలోని ప్లాస్టర్ అక్కడ పసుపు రంగుకు తిరిగి, దుమ్ము పట్టి, ఊడకుండా అలాగే ఉంది. నా చేతి మీది కొత్త ప్లాస్టర్‌ను రెండు రోజుల తర్వాత తీశాను. దాని కింద ఆమె వేసిన మూడు ముళ్ళూ అలాగే ఉన్నాయి. విప్పే చెయ్యి లేదు గనుక, కల్వర్టు దగ్గరి ఆ పొద్దు నాకు ఇంకా గడిచిపోలేదు.